కాపలా ఎక్కడ నిలబడాలి?



ఇప్పుడు రేడియో వింటున్నవాళ్ళలో ఇంటర్ చదివే కొడుకున్న తల్లులుంటారు. డిగ్రీ చదివే తమ్ముడున్న అన్నలుంటారు. ఆ తమ్ముడే వింటున్నాడేమో కూడా. అందరికీ కలిపి ఒక మాట చెబుదామని వచ్చాను.

మన కుర్రాళ్ళు ఆరుబయట కూర్చుని తాగుతున్నారు. పోలీసులు పట్టుకుంటున్నారు. జరిమానా పడుతోంది. నాలుగు రోజులు ఆగి, చోటు మార్చి, మళ్ళీ కూర్చుంటున్నారు. ఇక లాభం లేదు, మనమే నలుగురం కలిసి రాత్రిపూట కాపలా తిరుగుదాం అని పెద్దవాళ్ళు అనుకోవడం వింటున్నాను. కాపలా మంచిదే. కాని ఆ కాపలా ఎక్కడ నిలబడాలి? ఎవరు నిలబడాలి? ఈ రెండే నా ప్రశ్నలు.

మాది అన్నవరం దగ్గర. అన్నవరం మీకు నేను చెప్పేదేముంది? కొండ మీద సత్యదేవుడు, కొండ కింద పంపా. పెళ్ళిళ్ళ రోజుల్లో మెట్ల దారి నిండా మధుపర్కాలే. హైవే మీద పోయే లారీ డ్రైవరు కూడా బండి పక్కకి తీసి, ఆకులో కట్టిన గోధుమరవ్వ ప్రసాదం పుచ్చుకుని గాని కదలడు. ఇదంతా వెలుగున్న వైపు. పొద్దుపోయాక, లైట్లు లేని వైపు కాస్త నడవండి. జీడిమామిడి తోటలు, కాలువ గట్లు, ప్లాట్లు వేసి వదిలేసిన లేఅవుట్లు. అక్కడ రెండేసి మూడేసి మోటారు సైకిళ్ళు ఆగి ఉంటాయి. సెల్‌ఫోన్ వెలుగులో ఒక బీరు సీసా, మిక్చరు పొట్లం, ప్లాస్టిక్ గ్లాసులు. పక్కనే పుస్తకాల సంచీలు. దీన్ని వాళ్ళు సిట్టింగ్ అంటారు. పుట్టినరోజుకి సిట్టింగ్. పరీక్ష పాసైతే సిట్టింగ్. తప్పినా సిట్టింగే.

తాగి లేచి వెళ్ళిపోతారు. సీసాలు ఉండిపోతాయి.

కిందటి సార్వా నాట్లప్పుడు, హైవేకి ఆనుకుని ఉన్న ఒక మడి గట్టు మీద సిమెంటు సంచి కనపడింది. నిండా గాజు పెంకులు. దమ్ము చేసే ముందు ఆ రైతు మడంతా చేత్తో దేవి ఏరినవి. అయినా అన్నీ దొరుకుతాయా? విరిగిన సీసా అడుగు బురదలో దిగబడితే కంటికి కనపడదు. కాలికే తెలుస్తుంది. నాటే వాళ్ళలో ఒకావిడ పాదానికి పాత చీర పేలిక చుట్టుకుంది. తడవకుండా దాని మీద ప్లాస్టిక్ కవరు కట్టుకుంది. అలాగే వంగి నాటుతోంది. ఇంటికి పొమ్మంటే పోదు, ఆ పూట కూలి పోతుందిగా. ఎవరండీ ఈ పని చేసింది అని రైతుని అడిగాను. “పిల్లలేనండి బాబూ. కాలేజీ సంచీలేసుకునే వత్తారు. కేకలేత్తే తిరగబడతారు. పట్టిత్తే ఆళ్ళ బాబొచ్చి నాతో గొడవెట్టుకుంటాడు” అన్నాడు.

చూశారా, తాగింది ఒకరు. కోసుకుపోయింది ఇంకొకరి కాలు. అందుకే, కుర్రాళ్ళు సరదా పడ్డారులే పోనిద్దురూ అనే మాటకి నేను ఒప్పుకోను.

మరి జరిమానా ఉందిగా అంటారు. ఉంది. దాని కథ కాస్త చెప్పాలి. తాగి నలుగురిలో అల్లరి చేసిన వాడికి శిక్ష ఏమిటో 1860లో ఇంగ్లీషువాళ్ళు రాసిన శిక్షాస్మృతిలో ఉండేది. ఇరవైనాలుగు గంటల లోపు జైలు, లేదా పది రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ రోజుల్లో పది రూపాయలంటే మాటలా! విచిత్రం ఏమిటంటే, ఆ పది రూపాయలు 2024 జూన్ దాకా పదే. స్వాతంత్ర్యం వచ్చింది, రాష్ట్రాలు మారాయి, ఆ పది మాత్రం పెరగలేదు. చివరి రోజుల్లో ఆ డబ్బుకి మిక్చరు పొట్లం కూడా సరిగ్గా రాదు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో దాన్ని వెయ్యి రూపాయల వరకు పెంచారు. సమాజ సేవ చేయించవచ్చని కూడా చేర్చారు. తాగి బండి నడిపితే అది వేరే లెక్క. మొదటిసారికే పదివేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

ఇప్పుడు పోలీసులు డ్రోన్లు కూడా ఎగరేస్తున్నారు. తోటలో కూర్చున్నవాళ్ళు తలమీద రొద విని గ్లాసులు పారేసి పరిగెత్తే వీడియోలు మీరూ చూసే ఉంటారు. నవ్వుకుని ఉంటారు. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. చీకట్లో అలా పరిగెత్తే కుర్రాడికి ముందు నేలబావి ఉంటే?

సరే, పట్టుబడ్డాడు, జరిమానా పడింది. ఆ డబ్బు ఎవరిది? చదువుకునే పిల్లాడికి సంపాదన ఎక్కడిది? నాన్న జేబులోది. నాన్న ఆ రోజు కోర్టు దగ్గర పని మానుకుని నిలబడతాడు, డబ్బు కడతాడు, ఇంటికొచ్చి రెండు కేకలు వేస్తాడు. కుర్రాడికి సంబంధించినంతవరకు లెక్క సరిపోయింది. జరిమానా వద్దని అనడం లేదండి. చట్టం ఉండాలి. కాని చదువుకునే పిల్లాడి విషయంలో డబ్బు జరిమానా తండ్రిని కొడుతుంది, కొడుకుని తాకదు. విశాఖపట్నంలో తాగి బండి నడిపినవాళ్ళని ఆర్కే బీచ్‌లో చెత్త ఏరమని కోర్టు పంపింది. నాకు ఆ శిక్ష నచ్చింది. మన దగ్గర అయితే ఆ రైతు మడిలో గాజు పెంకులు ఏరించాలి. నాట్ల ముందు. చెప్పులు లేకుండా అనను, అంత కసి లేదు నాకు.

జరిమానాకి ఇంకో గుణం ఉంది. వేసేవాడికి అది ఆదాయమైతే చెడిపోతుంది. మన ఏజెన్సీ చరిత్రలోనే ఉంది ఈ పాఠం. రంపలో మన్సబ్‌దారు కల్లు మీద చిగురుపన్ను వేసేవాడు. దానికి తోడు అబ్కారీ చట్టం వచ్చి, కొండవాళ్ళు తమ ఇంటికోసం చెట్టు గీసుకున్నా డబ్బు కట్టాలంది. 1879లో మన్యం తిరగబడింది. పితూరీ అన్నారు దాన్ని. కారణాలు ఇంకా ఉన్నాయి గాని, కల్లు మీద వసూళ్ళు అందులో పెద్ద కారణం. తాగొద్దని చెప్పడం వేరు, తాగుడు మీద బతకడం వేరు. ఆ తేడా జనానికి ఇట్టే తెలిసిపోతుంది.

నలభై ఏళ్ళు గడిచాయి. అదే మన్యంలో ఇంకో మనిషి తిరిగాడు. తాగుడు మానండి అన్నాడు. తగువులొస్తే కోర్టుల చుట్టూ తిరగకండి, పంచాయతీ పెట్టుకుని మీలో మీరు తీర్చుకోండి అన్నాడు. పన్ను అడగలేదు. జరిమానా రాయలేదు. ఆయన మాట విన్నారు జనం. ఎంతగా విన్నారంటే ప్రభుత్వానికి అనుమానం వచ్చేటంత. ఆయన ఎవరో మీకు అర్థమై ఉంటుంది. అల్లూరి సీతారామరాజు. పోలీసు స్టేషన్ల మీద దాడుల కంటే ముందు ఆయన చేసిన పని అది. మనం విల్లంబులు గుర్తుపెట్టుకుని దాన్ని మరిచిపోయాం. 1923 ఏప్రిల్లో ఆయన మన అన్నవరం వచ్చారు. ఊళ్ళో పోలీసు స్టేషన్‌కి వెళ్ళారు, కొండెక్కి సత్యదేవుణ్ణి దర్శించుకున్నారు. అప్పటికి ప్రభుత్వం ఆయన కోసం గాలిస్తోంది.

ఇప్పుడు కాపలా సంగతికి వద్దాం. ఎక్కడ నిలబడాలి?

దానికి జవాబు నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు చెప్పారు. కలిగిరి మండలంలో దూబగుంట అని చిన్న ఊరు. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులు పెట్టారు. పగలంతా కూలికెళ్ళిన ఆడవాళ్ళు రాత్రి పలకా బలపం పట్టుకుని కూర్చునేవారు. కూర్చుని, అ ఆలతో పాటు తమ ఇంటి సంగతి మాట్లాడుకునేవారు. కూలి డబ్బు సారాకి పోతోంది. మరి సారా ఎక్కడినుంచి వస్తోంది? దుకాణం నుంచి. దుకాణానికి ఎలా వస్తోంది? జీపులో. అయితే జీపుని ఆపుదాం అనుకున్నారు. ఆపారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా మోగింది. 1992కి అది ఊరూరా పాకింది. చీపుర్లు పట్టుకుని, కారప్పొడి పట్టుకుని ఊరి మొగదలలో కాపలా కాశారు. సారా వేలంపాటలు ఆపించారు. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం రాష్ట్రమంతా సారా నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. అది వేరే కథ, ఇవాళ అందులోకి వెళ్ళను.

మీరు గమనించవలసింది ఒకటే. వాళ్ళ కాపలా ఊరి మొగదలలో నిలబడింది. సరుకు వచ్చే దారిలో నిలబడింది. తాగి పడిపోయిన వాడి చుట్టూ నిలబడలేదు. మళ్ళీ చెబుతాను, ఇది ముఖ్యం. వాళ్ళు సీసా బయలుదేరే చోట నిలబడ్డారు, సీసా పగిలే చోట కాదు.

వాళ్ళు చేసినవన్నీ గొప్పవని కూడా అనను. కొన్ని ఊళ్ళల్లో తాగినవాడికి జరిమానా అని కట్టుబాటు పెట్టుకున్నారు, బాగానే ఉంది. కొన్నిచోట్ల గుండు గీయించి గాడిద మీద ఊరేగించారు. ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్నవాళ్ళ కోపం అది, నాకు అర్థమవుతుంది. కాని పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి అలాంటి పని చేస్తే వాడు మళ్ళీ ఊళ్ళో తలెత్తుకోలేడు. ఇవాళ గాడిద అక్కర్లేదు. సెల్‌ఫోన్ చాలు. వీడియో తీసి వాట్సాప్‌లో పెడితే ఊరేగింపు అయిపోయినట్టే, అదీ ఎప్పటికీ ఆగని ఊరేగింపు.

మన సంగతికొద్దాం. మన రాష్ట్రంలో ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాడికి మద్యం అమ్మకూడదు. ఇరవై ఒకటి. ఇంటర్ కుర్రాడికి పదిహేడు. డిగ్రీ ఆఖరి ఏడాది వాడికి ఇరవై. అంటే ఏమిటి? ఆ తోటలో కూర్చున్న పిల్లల్లో చాలామందికి ఆ సీసా ఎవరూ అమ్మకూడదు. అయినా అది వాళ్ళ చేతికొచ్చింది. ఎవరో వయసు అడక్కుండా కౌంటర్ మీదనుంచి ఇచ్చారు. లేకపోతే బెల్టుషాపులో, కిరాణా కొట్టు వెనక బియ్యం బస్తాల చాటునుంచి తీసిచ్చారు. లేకపోతే ఎవడో అన్న కొనిపెట్టాడు. కుర్రాడికి జరిమానా పడింది. ఇచ్చినవాడి మాటేమిటి?

దానికీ చట్టం ఉంది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి మద్యం ఇచ్చినవాడికి బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ళ వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. తాగి అల్లరి చేసినవాడికి వెయ్యి రూపాయలు. పిల్లాడికి పోసినవాడికి ఏడేళ్ళు. చట్టం రాసినవాళ్ళకి ఎవరు పెద్ద దోషో తెలుసు. డ్రోను మాత్రం తోట మీద తిరుగుతోంది. ఆ బెల్టుషాపు ఎక్కడుందో ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు, దానికి డ్రోను అక్కర్లేదు.

ఇక రెండో ప్రశ్న. ఎవరు నిలబడాలి?

పిల్లల్నే నిలబెట్టండి అంటాను. నవ్వకండి. మన కాకినాడలో జరిగింది చెబుతాను. 1923 డిసెంబరులో అక్కడ కాంగ్రెసు మహాసభలు. మౌలానా మహమ్మదాలీ అధ్యక్షుడు. దేశం నలుమూలలనుంచీ జనం. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర ఒక వాలంటీరుని నిలబెట్టారు. పద్నాలుగేళ్ళ పిల్ల. టికెట్ లేనిదే ఎవరినీ లోపలికి పంపొద్దని చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టికెట్ లేదు. ఆ పిల్ల ఆపేసింది. నిర్వాహకులు పరిగెత్తుకొచ్చి, ఆయన ఎవరో తెలుసా అని ఆమెను కోప్పడ్డారు. తెలిసినా తెలియకపోయినా టికెట్ టికెట్టే. చివరికి వాళ్ళే టికెట్ కొనిచ్చి ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. ఆ పిల్ల పేరు దుర్గాబాయి. మన రాజమండ్రిలో పుట్టింది. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆమే. ఆ సభల్లోనే దేశానికంతటికీ వాలంటీరు దళం కావాలని నిర్ణయించి హిందుస్తానీ సేవాదళ్‌కి నాంది పలికారు. ఆ నిర్ణయం మన గోదావరి గడ్డ మీదే జరిగిందంటే మనకి కాస్త గర్వంగా ఉండొద్దూ?

దానికి రెండేళ్ళ ముందు, 1921లో, బెజవాడలో కాంగ్రెసు సభలు జరిగితే దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వాలంటీరు దళం రామదండు జనాన్ని అదుపులో పెట్టింది. ఆయన ఎడింబరోలో చదివొచ్చి రాజమండ్రిలో పాఠం చెప్పిన మనిషి. కుర్రాళ్ళకి పని అప్పగిస్తే, నమ్మి అప్పగిస్తే, వాళ్ళు చేస్తారు. 2015 గోదావరి పుష్కరాల్లో మీరే చూశారు. ఎన్.ఎస్.ఎస్. పిల్లలు, ఎన్.సి.సి. పిల్లలు ఘాట్లలో ముసలివాళ్ళ చెయ్యి పట్టుకుని మెట్లు దింపారు. కార్తీక పౌర్ణమికి మన సత్యదేవుడి గిరిప్రదక్షిణకి వేలమంది నడుస్తారు. దారి పొడుగునా మంచినీళ్ళు అందించే చేతుల్లో ఎన్ని కుర్రచేతులో!

ఆ చేతులే కాపలాకీ కావాలి. ఎందుకంటే తోటలో కూర్చున్నవాడికి యాభై ఏళ్ళ ఆసామి వచ్చి నీతి చెబితే వాడు చెవిన పెట్టడు. పక్క బెంచీవాడు వచ్చి, ఒరే, లేవరా, బండి తాళం ఇటివ్వు, నేను దింపుతాను అంటే లేస్తాడు.

కాపలావాళ్ళు ఎలా మెలగాలో చెప్పడానికి లండన్ నుంచి ఒక ముచ్చట. అక్కడ 2003లో చర్చిలవాళ్ళు కొందరు రాత్రిపూట వీధుల్లో తిరగడం మొదలుపెట్టారు. స్ట్రీట్ పాస్టర్స్ అంటారు వాళ్ళని. శుక్ర, శనివారాల్లో బార్ల నుంచి తూలుతూ బయటికొచ్చే కుర్రకారు దగ్గరికి వెళ్తారు. చేతిలో కర్ర ఉండదు. మంచినీళ్ళ సీసాలుంటాయి. ఎత్తుమడమల జోళ్ళు చేతపట్టుకుని ఉత్తకాళ్ళతో నడిచే ఆడపిల్లలకి ఇవ్వడానికి హవాయి చెప్పులుంటాయి. గాజు గుచ్చుకోకుండా అన్నమాట. రోడ్డు మీది ఖాళీ సీసాలు తామే ఏరేస్తారు. నీళ్ళిచ్చి, చెప్పులిచ్చి, ఇంటికి పంపుతారు. అంతే. ఆ హవాయి చెప్పుల సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు మన నాట్ల ఆవిడ పాదం గుర్తొచ్చింది.

అయితే మన కాపలా ఎలా ఉండాలి? సాయంత్రం మొదలవ్వాలి, అర్ధరాత్రి కాదు. మద్యం కొట్టు దగ్గర, బెల్టుషాపు వీధిలో నలుగురు మహిళా సంఘం వాళ్ళు ఊరికే కుర్చీలు వేసుకుని కూర్చుంటే చాలు. మాటా మంతీ అక్కర్లేదు. చూస్తూ ఉంటే చాలు. తెలిసిన పిన్ని చూస్తూ ఉండగా ఏ కుర్రాడు ఆ గుమ్మం తొక్కుతాడు? ఇక తోటల వైపు వెళ్ళే కాపలా కుర్రాళ్ళు స్టేషన్‌లో చెప్పి, పేర్లు రాయించి వెళ్ళాలి. కొట్టే హక్కు వాళ్ళకి లేదు. డబ్బు వసూలు చేసే హక్కు అసలే లేదు. జరిమానా వేసేది కోర్టు, కాపలావాడు కాదు. వీడియో తీయకూడదు. ఒక అబ్బాయి, అమ్మాయి మాట్లాడుకుంటూ కనపడితే అది వీళ్ళకి సంబంధించిన విషయం కాదు. ఇది గట్టిగా చెబుతున్నాను. తాగుడు కోసం పెట్టిన కాపలా ఆడపిల్లల మీద పెత్తనం అయిన మర్నాడే దాన్ని ఎత్తేయాలి.

తల్లులకి, తండ్రులకి ఒక్క మాట. స్టేషన్ నుంచి ఫోనొస్తే ముందు వాణ్ణి కొట్టకండి. ఎక్కడ కొన్నావురా అని అడగండి. ఎవరిచ్చారురా అని అడగండి. ఆ పేరు తీసుకెళ్ళి పోలీసులకి చెప్పండి. మనవాడి పేరు దాచడానికి పడే తాపత్రయంలో సగం అమ్మినవాడి పేరు చెప్పడంలో పెడితే చాలు.

ఇంక కుర్రాళ్ళూ, మీకు. మీలో ఎవరైనా మానలేకపోతుంటే, పొద్దున్నే చెయ్యి వణుకుతుంటే, లేదా మీ గదిలో స్నేహితుడు అలా ఉంటే, సిగ్గుపడకండి. మత్తు మానిపించడానికి ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోను నంబరు ఉంది. పెన్ను తీసుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, నాలుగు, ఆరు. మళ్ళీ చెబుతున్నాను. 14446. డబ్బు ఖర్చు కాదు. ఇవాళే చేయండి.